వ్రాసుకునే పుస్తకం



బళ్ళు తెరిచారు. కొత్త తరగతి, కొత్త పుస్తకాలు. మీ సంచుల్లో లెక్కల పుస్తకం ఉంటుంది, సైన్సు పుస్తకం ఉంటుంది, తెలుగు కాపీ ఉంటుంది. ఇవన్నీ ఎవరో చెప్పినది వ్రాసుకోవటానికి. మరి మీరు చూసినదీ, మీకు తోచినదీ, మీరు చెయ్యదలచినదీ వ్రాసుకోవటానికి మీ దగ్గర ఏ పుస్తకం ఉన్నది? చాలామందికి ఉండదు. కొందరికి అరచేతిమీద కలంతో వ్రాసుకునే అలవాటు ఉంటుంది. అది సాయంత్రం స్నానంతో పోతుంది!

ఈ నెల మనం అటువంటి పుస్తకం ఒకటి తయారుచేద్దాం. దీనికి డబ్బు ఖర్చుపెట్టనక్కరలేదు. కిందటి ఏటి నోటుపుస్తకాలలో మిగిలిపోయిన తెల్లకాగితాలు చింపి, దొంతిగా పేర్చి, మధ్యకు మడిచి, దబ్బనంతో మూడు చిల్లులు పొడిచి దారంతో కుట్టండి. పాత కాలెండరు అట్ట పైన వెయ్యండి. లెక్కలకు వాడే గళ్ళ పుస్తకం దొరికితే మరీ మంచిది, పట్టికలు గీయటం తేలిక.

దుకాణాలలో ఇటువంటివాటిని ఇప్పుడు "బుల్లెట్ జర్నల్" అనే పేరుతో అమ్ముతున్నారు. ఇక్కడ బుల్లెట్ అంటే తుపాకి గుండు కాదు. అచ్చుపనిలో వరస మొదట పెట్టే నల్లని చుక్కను బుల్లెట్ అంటారు. రైడర్ కారొల్ అనే అమెరికా దేశస్థుడు ఈ పద్ధతిని 2013లో లోకానికి చెప్పాడు. చిన్నప్పుడు అతనికి ఒకదానిమీద మనసు నిలిచేది కాదు. బళ్ళో చెప్పినది చెప్పినట్టు పట్టుకోలేక, తనకు పనికివచ్చే తీరులో కొద్దిమాటలతో వ్రాసుకోవటం అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటే పెద్దయాక ఒక పద్ధతి అయింది. రంగు కాగితాలూ, పూల బొమ్మలూ తరువాత ఎవరెవరో తగిలించినవి. మీకు బొమ్మలు వెయ్యటం సరదా అయితే వెయ్యండి. లేకపోతే ఒక్క కలం చాలు.

విశాఖపట్నంలో ఉన్నవాళ్ళకు నేను ఇంకొక పుస్తకాన్ని గుర్తుచేయాలి. మన రేవులోకి వచ్చే ప్రతి ఓడలోనూ ఒక వ్రాతపుస్తకం ఉంటుంది. దాన్ని "లాగ్ బుక్" అంటారు. లాగ్ అంటే కొయ్యదుంగ! దుంగకూ పుస్తకానికీ ఏమిటి సంబంధం? పూర్వం తెరచాప ఓడ ఎంత జోరుగా పోతున్నదీ తెలుసుకోవటానికి తాడు చివర ఒక కొయ్యపలకను కట్టి వెనక నీళ్ళలో వదిలేవారు. తాడుకు వరసగా ముడులు ఉండేవి. ఇసుక గడియారంలో ఇసుక దిగే సుమారు 28 సెకన్లలో ఎన్ని ముడులు చేతిలోంచి జారితే ఓడ అన్ని "నాట్ల" వేగంతో పోతున్నదని లెక్క. నాట్ అంటే ముడి. ముడికీ ముడికీ మధ్య దూరం సుమారు 14.4 మీటర్లు. ఒక నాట్ అంటే గంటకు 1852 మీటర్లు. ఈ రెండు లెక్కలూ సరిపోతాయో లేదో మీరే గుణించి చూసుకోండి. ఆ కొయ్యపలకతో తెలిసిన వేగాన్ని వ్రాసిపెట్టే పుస్తకం గనక దానికి ఆ పేరు వచ్చింది. ఓడ ఎక్కడ ఉన్నది, ఎటు పోతున్నది, గాలి ఎటునుంచి, వాయుపీడనం ఎంత, సముద్రం ఎట్లా ఉన్నది, ఇవన్నీ అందులో వ్రాస్తారు.

ఆ పుస్తకానికి కొన్ని నియమాలు ఉన్నాయి. పేజీలకు అంకెలు వేసి ఉంటాయి. ఏ పేజీనీ చింపకూడదు. తప్పు వ్రాస్తే రబ్బరుతో చెరపకూడదు. దానిమీద ఒకే గీత గీసి, పక్కన సరైనది వ్రాసి, సంతకం చెయ్యాలి. కొట్టేసినది కూడా చదవటానికి వీలుగా ఉండాలి. ఎందుకంటారా? తరువాత ఏదైనా ప్రమాదం జరిగితే, ఆ గంటలో ఏం జరిగిందో చెప్పే సాక్షి ఆ పుస్తకమే. సాక్షి నోరు మూయకూడదు గదా!

మన పుస్తకానికి కూడా ఈ నియమాలే పెట్టుకుందాం. సంతకం ఒక్కటి అక్కరలేదు.

ఇక పేజీల సంగతి. ముందు అన్ని పేజీలకూ అంకెలు వెయ్యండి. మొదటి రెండు పేజీలు సూచికకు వదలండి. పుస్తకంలో ఏది ఎక్కడ ఉన్నదో అక్కడ వ్రాస్తూ పోవాలి. సూచిక ఉంటే పేజీలు కలగాపులగంగా ఉన్నా భయం లేదు. 14వ పేజీలో మొదలుపెట్టిన సంగతి స్థలం చాలక 39వ పేజీలోకి పోయిందనుకోండి, సూచికలో "14, 39" అని వేస్తే సరి. ఈ ఒక్క ఉపాయంతో, "ఈ సంగతికి ఎన్ని పేజీలు వదలాలి?" అనే గొడవ తీరిపోతుంది.

మూడో పేజీలో గుర్తులు వ్రాసుకోండి. చెయ్యవలసిన పనికి ముందు చుక్క. పని అయితే ఆ చుక్కమీద ఇంటూ గుర్తు. పని కాకుండా రేపటికో వచ్చే నెలకో పోతే చుక్కమీద బాణం గుర్తు. జరిగిన సంగతికి చిన్న సున్న. విన్నదానికీ తోచినదానికీ అడ్డగీత. ఇంతకన్న ఎక్కువ గుర్తులు పెట్టుకుంటే వాటిని జ్ఞాపకం ఉంచుకోవటానికి ఇంకొక పుస్తకం కావాలి!

తరువాత నెల పేజీ. ఎడమవైపు 1 నుంచి 30 దాకా తేదీలు కిందికి వ్రాసి, పక్కన వారం వెయ్యండి. పరీక్షలు, పండగలు, అక్క పుట్టినరోజు, పుస్తకం తిరిగి ఇవ్వవలసిన రోజు అందులో పడతాయి. కుడివైపు ఆ నెలలో చెయ్యదలచిన పనులు. ఆ తరువాత రోజువారీ పేజీలు. రోజుకు ఇంత అని స్థలం పంచకండి. ఒకరోజు రెండు వరసలు, ఒకరోజు పేజీన్నర కావచ్చు. ఆ రోజు తేదీ వేసి వ్రాసుకుంటూ పోవటమే.

నెలాఖరున ఒక పని ఉన్నది. ఇంటూ గుర్తు పడని చుక్కలన్నీ వెతికి, వాటిని కొత్త నెలలోకి మళ్ళీ చేత్తో వ్రాయాలి. "మళ్ళీ వ్రాయటం దండగ గదా, మాష్టారూ?" అంటారు మీరు. దండగ కాదు. వ్రాయటానికి బద్ధకం వేసిన పని చెయ్యటానికి మరీ బద్ధకం వేస్తుంది. అటువంటిదాన్ని గీత గీసి వదిలెయ్యండి. మూడు నెలలపాటు బాణంమీద బాణం వేసి మోసుకొచ్చిన పని ఏదైనా ఉంటే, అది అసలు మీ పనేనా, లేక ఎవరినో మెప్పించటానికి వ్రాసుకున్నదా, ఒకసారి ఆలోచించండి.

ఇవి ఎవరి పుస్తకంలోనైనా ఉండే పేజీలు. ఇకనుంచీ చెప్పేవి మన ఊరి పేజీలు.

ఒకటి గాలి పేజీ. 1805 ప్రాంతంలో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి గాలి బలానికి 0 నుంచి 12 వరకు అంకెలు కట్టి, తన సొంత పుస్తకంలో వ్రాసుకున్నాడు. అతని లెక్క తెరచాపలనుబట్టి. నేలమీద ఉండేవాళ్ళకోసం ఆ లెక్కను తరువాత చెట్లకూ పొగకూ మార్చారు. పొగ నిటారుగా లేస్తే 0. పొగ ఒక పక్కకు వాలితే 1. మొహానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే 2. ఆకులూ చిన్న రెమ్మలూ ఆగకుండా కదులుతూ, చిన్న జెండా విచ్చుకుంటే 3. దుమ్మూ కాగితాలూ లేస్తే 4. చిన్న చెట్లు ఊగితే 5. పెద్ద కొమ్మలు కదిలి, గొడుగు పట్టుకోవటం కష్టమైతే 6. ఇంతవరకు చాలు. 7 వచ్చేసరికి మీరు ఇంట్లో ఉండండి, కిటికీలోంచి వ్రాయండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోటునుంచి చూసి ఒక్క అంకె వెయ్యండి. పక్కన గాలి ఎటునుంచి వస్తున్నదో కూడా వెయ్యండి. ఒక ఏడాది తిరిగేసరికి నైరుతి గాలి ఎప్పుడు తగ్గిందీ, ఈశాన్యపు గాలి ఎప్పుడు మొదలైందీ పాఠ్యపుస్తకంతో పనిలేకుండా మీకే కనిపిస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిమీదనే తీరం దాటింది. అప్పుడు గాలివేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. బోఫోర్ట్ లెక్కలో గంటకు 118 కిలోమీటర్లు వచ్చేసరికే 12 అంకె అయిపోతుంది! కొండలమీద చెట్లు మోళ్ళయిపోయాయి. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు ఆ రోజు ఎక్కడ ఉన్నదీ, ఏమి విన్నదీ, ఎన్ని రోజులకు దీపం వచ్చినదీ మీ పుస్తకంలో ఒక పేజీ వ్రాయండి. నాన్న చెప్పినదానికీ, అమ్మ చెప్పినదానికీ, మామ్మ చెప్పినదానికీ తేడాలు వస్తాయి. వచ్చినా దిద్దకండి. ఎవరు చెప్పినది వాళ్ళ పేరుకింద వ్రాయండి.

రెండోది ఆటుపోట్ల పేజీ. ఇది నాకు చాలా ఇష్టమైన పేజీ. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఇవాళ్టి పోటు వేళకు రేపటి పోటు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు కూడా రోజుకు అంతే ఆలస్యంగా ఉదయిస్తాడు. ఈ రెండూ ఊరికే కలిసినవి కావు, ఆటుపోట్లకు ముఖ్యకారణం చంద్రుడే. ఇప్పుడు లెక్క వెయ్యండి. 15 రోజులకు 50 నిమిషాల చొప్పున 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. ఒక పోటుకూ దాని తరువాతి పోటుకూ మధ్య ఉండేది కూడా ఇంచుమించు అంతే, 12 గంటల 25 నిమిషాలు. అంచేత ఈ అమావాస్యనాడు పోటు ఏ వేళకు వచ్చిందో, వచ్చే పౌర్ణమినాడు ఇంచుమించు ఆ వేళకే మళ్ళీ వస్తుంది. జాలరులు పంచాంగం చూడకుండా, ఆకాశం చూసి నీటి వేళ చెప్పటంలోని రహస్యం ఇదే.

పట్టిక నాలుగు నిలువు గళ్ళుగా గీయండి: తేదీ, తిథి, చూసిన వేళ, నీరు ఎక్కడిదాకా వచ్చింది. బీచిరోడ్డు గోడ దగ్గరనుంచి కనపడే ఒక రాయిని గుర్తుపెట్టుకుని, పది అలలు చూసి, వాటిలో మధ్యరకం అల ఎక్కడిదాకా వచ్చిందో వెయ్యండి. పెద్దవాళ్ళు వెంట లేకుండా పోకండి. నీళ్ళలోకి అసలే దిగకండి. మన సముద్రం పైకి కనిపించినంత మెత్తనిది కాదు. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గర రోజులలో నీరు ఎక్కువ పైకి వచ్చి, ఎక్కువ కిందికి పోవటం గమనించండి. అటువంటప్పుడు కూడా విశాఖలో ఎక్కువ తక్కువల తేడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాతులో భావనగర్ దగ్గర అది 10 మీటర్లు దాటుతుంది, అంటే మూడంతస్తుల మేడ అంత! సముద్రం లేని ఊరి పిల్లలు విచారించనక్కరలేదు. చెరువుకు మెట్లు ఉంటాయి గదా, వారానికి ఒకసారి నీళ్ళపైన ఎన్ని మెట్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి వ్రాయండి. వేసవి వచ్చేసరికి ఆ పేజీ మీ ఊరికంతకూ పనికివస్తుంది.

మూడోది ఓడల పేజీ. మన లోపలి రేవులోకి 1933 అక్టోబరులో మొట్టమొదట వచ్చిన ఓడ జలదుర్గ. 1948 మార్చి 14న మన ఊళ్ళో కట్టి నీళ్ళలోకి దించిన ఓడ జల ఉష. ఆ రోజు దాన్ని దించినది జవహర్‌లాల్ నెహ్రూ. ఈ రెండు పేర్లూ పేజీ పైన వ్రాసి, కింద మీరు చూసిన ఓడలు వ్రాయండి. రేవులో చోటు లేక బయట లంగరు వేసి నిలబడినవి బీచిమీదనుంచి కనిపిస్తాయి. ఎన్ని ఉన్నాయి? ఓడ ఒళ్ళు నీటిపైకి ఎంత లేచి ఉన్నది? ఖాళీ ఓడ ఎత్తుగా తేలుతుంది, అడుగున వేసిన ఎర్రరంగు కనిపిస్తుంది. సరుకు నిండిన ఓడ ఆ ఎర్రరంగును నీళ్ళలో దాచుకుంటుంది. దీన్నిబట్టి అది సరుకు దించటానికి వచ్చిందో, ఎక్కించుకోవటానికి వచ్చిందో మీరు ఊహించవచ్చు. ఊహ అయితే పక్కన ప్రశ్నగుర్తు వెయ్యండి. చూసినదీ ఊహించినదీ కలిపేయకూడదు.

మాటల పేజీ ఒకటి ఉంచండి. సరంగు, కళాసీ, తెప్ప, గుంటడు, ఇటువంటి మాటలు మన వీధుల్లో వినిపిస్తాయి, పాఠాలలో కనిపించవు. ఎవరు అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అని కూడా వ్రాయండి. ప్రశ్నల పేజీ మరొకటి. జవాబు తెలిసిన రోజున పక్కన తేదీ వెయ్యండి. కొన్నిటికి ఏళ్ళు పడుతుంది. అప్పిచ్చిన పుస్తకాల పేజీ సంగతి నేను చెప్పనక్కరలేదు, ఒకసారి పుస్తకం పోగొట్టుకున్నవాళ్ళు తామే పెట్టుకుంటారు.

ఏ పేజీలోనైనా తేదీ, వేళ తప్పకుండా ఉండాలి. దీనికి మన ఊళ్ళోనే ఒక కథ ఉన్నది. డాబాగార్డెన్సు ఇప్పుడు దుకాణాలతో, బస్సుల రొదతో నిండి ఉంటుంది గదా! అక్కడ గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో నక్షత్రశాల కట్టించాడు. డబ్బున్నవాళ్ళు ఆ రోజుల్లో గుర్రాలు కొనేవారు, ఈయన దూరదర్శిని కొన్నాడు! ఆయన తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని సాగించాడు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా చిన్న నల్లచుక్కలాగా నడిచింది. ప్రపంచంలో అనేకచోట్ల పండితులు కాచుకుని కూచున్నారు. మన నరసింగరావు విశాఖలో కాచుకుని చూశాడు. చుక్క సూర్యుడిలో ప్రవేశించిన క్షణం, వెడలిన క్షణం వేరు వేరు ఊళ్ళలో ఎప్పుడెప్పుడో తెలిస్తే, దాన్నిబట్టి సూర్యుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడో లెక్క కట్టవచ్చు. "ఉదయంపూట చూశాను, చాలా బాగుంది" అని వ్రాస్తే ఎవరికీ పనికిరాదు, సెకను కావాలి. అటువంటి వింత 2004లో వచ్చింది, 2012లో వచ్చింది, ఇక 2117 డిసెంబరులోగాని రాదు. చూసినవాళ్ళు పోతారు, వ్రాసినది ఉంటుంది.

మన భాషలో ఇంకొక గొప్ప వ్రాతపుస్తకం ఉన్నది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి కాశీకి పోయి, పూరీమీదుగా మన తీరం వెంట దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. రైళ్ళు లేవు. దారిపొడుగునా ఏ మజిలీ ఎంత దూరం, అక్కడ ఎన్ని ఇళ్ళు, నీళ్ళు ఎట్లా ఉన్నాయి, సామాను దొరుకుతుందా, ఇవన్నీ వ్రాశాడు. అదే కాశీయాత్ర చరిత్ర. ఆయన నీళ్ళ సంగతి వ్రాసినప్పుడు గొప్ప గ్రంథం వ్రాస్తున్నాననుకుని ఉండడు. వెనక వచ్చే బాటసారికి పనికివస్తుందనుకుని ఉంటాడు. ఈసారి మీరు ప్రయాణం చేసినప్పుడు ప్రయాణపు పేజీని ఆ పద్ధతిలో వ్రాయండి. "ప్రకృతి రమణీయంగా ఉంది" అనకండి. ఏ స్టేషనులో మంచినీళ్ళు దొరికాయో వ్రాయండి.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి.

ఈ పుస్తకాలలో అలవాట్ల పేజీ అని ఒకటి పెట్టుకుంటారు. నెల తేదీలు అడ్డంగా, అలవాట్లు నిలువుగా వ్రాసి, చేసిన రోజున గడి నింపుతారు. ఇది కొత్తది కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాలకు పదమూడు పేజీలు పెట్టి, వారానికి ఏడు గళ్ళు గీసి, తప్పు చేసినప్పుడల్లా నల్లచుక్క పెట్టుకునేవాడు. చుక్కలు గీకి గీకి కాగితానికి చిల్లులు పడేసరికి, తుడవటానికి వీలుగా దంతపు రేకులమీదికి మారాడు. అన్నిటిలోకీ ఆయనకు కొరుకుడు పడని గుణం, వస్తువులను క్రమంగా పెట్టుకోవటం! అది తనకు ఎన్నడూ సరిగా రాలేదని ఆయనే చెప్పుకున్నాడు. ఒక సంగతి చూశారా? ఆయన నింపుకున్నది తప్పులకు, గొప్పలకు కాదు. ఆ పుస్తకాన్ని తనిఖీ చేసే అధికారి మరొకడు లేడు.

నేను పనిచేసిన బళ్ళో తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు ఇటువంటి పేజీ పెట్టాడు. ఉదయం అయిదింటికి లేవటం, పరుగు, గంట చదువు. నెలాఖరున నాకు చూపించాడు. ఒక్క గడి ఖాళీ లేదు! కాని ఆ నెలలో వాడు నాలుగు రోజులు జ్వరంతో బడికి రాలేదని హాజరుపట్టీలో ఉన్నది. జ్వరంలో పరుగెత్తావా అని అడిగాను. వాడు తల వంచుకుని, "రాత్రిపూట నాన్నగారు చూస్తారండి," అన్నాడు.

వాళ్ళ నాన్నగారు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి, మంచి మనిషి. కొడుకు బాగుపడాలనే చూసేవాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న ఆ పెద్ద కొలుముల సంగతి మీరు వినే ఉంటారు. వాటిలోంచి వచ్చే కరిగిన ఇనుము వేడి సుమారు 1500 డిగ్రీలు. కొలిమి రాత్రీ పగలూ ఆరదు, మనుషులే షిఫ్టులవారీగా మారతారు. దిగిపోయేవాళ్ళు వ్రాసిపెట్టినది చూసుకుని ఎక్కేవాళ్ళు పని అందుకుంటారు. నేను ఆయనను పిలిపించి, "మీ షిఫ్టు పుస్తకంలో వేడి తగ్గితే తగ్గిందనే వ్రాస్తారా, పై అధికారి సంతోషించాలని పెరిగిందని వ్రాస్తారా?" అని అడిగాను. ఆయన నవ్వి, "అట్లా వ్రాస్తే తరువాత వచ్చేవాడి ప్రాణాలమీదికి వస్తుందండి," అన్నాడు. తరువాత కొడుకు పుస్తకం చూపించాను. నవ్వు ఆగిపోయింది. చాలాసేపు పేజీ చూస్తూ కూచుని, "ఇకమీద నేను చూడనురా," అన్నాడు కొడుకుతో. ఆ పై నెలలో పదకొండు గళ్ళు నిండాయి. పదకొండూ నిజమే.

అంచేత పెద్దలకు నా మనవి: పిల్లవాడు చూపించిన పేజీ చూడండి, చూపించనిది తెరవకండి. పుస్తకం కొనిచ్చినది మనమే అయినా సరే. బెంగగా ఉంటే పిల్లవాణ్ణి అడగండి, పుస్తకాన్ని కాదు.

ఎనిమిదో తరగతిలో జాలరిపేట అమ్మాయి ఒకతె ఉండేది. చదువులో మధ్యరకం. తన పుస్తకంలో ఆమె పడవ పేజీ పెట్టుకున్నది. వాళ్ళ నాన్న ఫైబరు పడవమీద వేటకు వెళ్ళేవాడు. ఆయన బయలుదేరిన వేళ, పడవలో ఎంతమంది, ఏ దిక్కుకు, ఎన్ని లీటర్ల నూనె పోశారు, కూడా ఏ పడవ వెళ్ళింది, తిరిగి వచ్చిన వేళ, ఇవి రోజూ వ్రాసేది. ఎందుకమ్మా అని అడిగితే, "ఊరికేనండి. నేను లేచేసరికి నాన్న ఉండడు, అమ్మనడిగి వ్రాస్తాను," అన్నది.

ఒకరోజు తెల్లవారుజామున పోయిన పడవ మధ్యాహ్నానికి రావలసింది, చీకటిపడినా రాలేదు. ఫోను పలకలేదు. ఇంటినిండా జనం, ఏడుపులు. ఎటు వెళ్ళారని అడిగితే తలా ఒక మాట చెప్పారు. ఈ అమ్మాయి పుస్తకం తెచ్చి పేజీ తీసింది. భీమిలి వైపు అని ఉన్నది. తోటి పడవ యజమాని ఇంటిపేరు ఉన్నది. ఆయన అప్పటికి ఒడ్డుకు వచ్చి నిద్రపోతున్నాడు. లేపి అడిగితే, తాము వలలు ఎత్తేసరికి వాళ్ళు ఎక్కడ ఉన్నదీ చెప్పాడు. పోసిన నూనె లెక్కనుబట్టి, దూరం వెళ్ళి ఉండరు, ఇంజను చెడి ఉంటుందని సరంగులు అనుకున్నారు. గాలి ఎటు వీస్తున్నదో, నీరు ఎటు లాగుతున్నదో వాళ్ళకు తెలుసు. రెండు పడవలు బయలుదేరాయి. మరునాడు పొద్దెక్కేసరికి ఆ పడవను తాడు కట్టి లాక్కొచ్చారు. ముగ్గురూ క్షేమం.

పడవను తెచ్చినది ఆ రెండు పడవలవాళ్ళు, వాళ్ళ అనుభవం. పుస్తకం తెచ్చిందని నేను అనను. వెతకవలసిన సముద్రాన్ని అది కొంచెం చిన్నది చేసింది, అంతే. మరునాటి వరసలో ఆ అమ్మాయి, "తిరిగి వచ్చిన వేళ: 8-40" అని మాత్రమే వ్రాసింది. పక్కన ఇంకేమీ లేదు.

మధ్యలో కొన్ని రోజులు వ్రాయటం మానేస్తారు, అందరూ మానేస్తారు. ఆ రోజులను తరువాత జ్ఞాపకం తెచ్చుకుని నింపకండి. అడ్డంగా ఒక గీత గీసి, ఇవాళ్టి తేదీ వేసి మొదలుపెట్టండి. పుస్తకం నిండిపోతే, అట్టమీద మొదటి తేదీ, చివరి తేదీ వ్రాయండి. ఇంటూ పడని చుక్కలను కొత్త పుస్తకంలోకి ఎక్కించుకుని, పాతదాన్ని చెదలు పట్టని చోట పెట్టండి. విశాఖలో ఉప్పుగాలి ఇనుప పిన్నులను తినేస్తుంది, అందుకే మొదట దారంతో కుట్టమన్నాను.

ఈ అమావాస్యనుంచి పౌర్ణమిదాకా ఆటుపోట్ల పేజీనో, చెరువు మెట్ల పేజీనో నింపి, ఉన్నది ఉన్నట్టు నకలు తీసి పంపండి. గీతలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. వేళ మాత్రం వెయ్యటం మరిచిపోకండి.